డెస్క్‌టాప్ రాని లినక్స్ కంప్యూటర్ విషయమై మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

భీమవరంలో మీ నీటి పరీక్షల ల్యాబ్‌లోని ఉబుంటు కంప్యూటర్, అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయిన దగ్గర నుంచి డెస్క్‌టాప్ చూపించడం లేదనీ, నల్లని తెర మీద చిన్న గీత మిణుకుమిణుకుమంటూ ఉండిపోతోందనీ, రిపేరుకు వచ్చిన అబ్బాయి ఫార్మాట్ చేయక తప్పదన్నాడనీ వ్రాశావు. ఆ మాటకు అప్పుడే తల ఊపవద్దు. ఫార్మాట్ అతనికి ఒక పూట పని. రైతుల చెరువుల పీహెచ్, సెలినిటీ, అమ్మోనియా లెక్కలు పోతే మళ్లీ తెచ్చి ఇచ్చేవారు ఉండరు.

కంప్యూటర్ లేచేటప్పుడు ముందుగా ఏ కెర్నల్‌ను లేపాలో ఎంచే గ్రబ్, తరువాత యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాం అయిన కెర్నల్, ఆ తరువాత మిగతా ప్రోగ్రాంలను మొదలుపెట్టే సిస్టమ్‌డీ, అది నడిపే సేవలు, వాటి చివర లాగిన్ తెరను చూపే డిస్‌ప్లే మేనేజర్, అన్నిటికన్నా ఆఖరున డెస్క్‌టాప్ వస్తాయి. శివారు చేనుకు నీరు అందలేదని ధవళేశ్వరం నుంచి కాలువ తిరగతవ్వించరు కదా, ఏ లాకు దాకా నీరు వచ్చిందో చూసుకుంటారు. ఇక్కడ కూడా మొదట తేల్చుకోవలసింది అదే. అది తేలేవరకు దేనినీ మార్చకు, తీసివేయకు.

నల్లని తెర ఉన్నప్పుడే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కు. యూజర్ పేరు అడుగుతూ అక్షరాల తెర వచ్చిందంటే కెర్నల్, డిస్క్ చాలావరకు క్షేమంగా ఉన్నట్టే, తగవు పై మెట్టులోనే ఉన్నట్టు. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్కలు కూడా కనిపించవు, కంగారుపడకు. ఆ తెర కూడా రాకపోతే కంప్యూటర్‌ను ఆపి వేసి, లేస్తున్న సమయంలో దాన్ని మేల్కొలిపే తొలి ప్రోగ్రాం పాతరకం బయాస్ అయితే షిఫ్ట్ మీటను పట్టుకో, కొత్తరకం యూఈఎఫ్ఐ అయితే ఎస్కేప్ నొక్కు; గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళితే రికవరీ మోడ్ కనిపిస్తుంది. అందులో ప్యాకేజీలను, అంటే ప్రోగ్రాంల మూటలను, ఎక్కించే డీపీకేజీ అన్న వరుసను ఎంచుకుంటే సగంలో ఆగిన ప్యాకేజీలను సరిచేసే ప్రయత్నం అదే చేస్తుంది.

అక్షరాల తెర దొరికితే ముందు డిస్క్‌లో ఖాళీ ఎంతో చెప్పే ‘డీఎఫ్ -హెచ్’ కొట్టి చూడు. సిస్టమ్ ఉండే రూట్ విభజన నూటికి నూరు శాతం నిండి ఉంటే డెస్క్‌టాప్ తన చిన్న చిన్న ఫైళ్లను వ్రాసుకోలేక ఆగిపోతుంది. పాస్‌వర్డ్ ఇచ్చిన వెంటనే మళ్లీ లాగిన్ తెరకే వచ్చి పడడానికి కూడా తరచుగా ఇదే కారణం. దించుకున్న ప్యాకేజీలను తీసివేసే ‘సుడో ఏపీటీ క్లీన్’, పాత లాగ్‌లను, అంటే యంత్రం వ్రాసుకునే చిట్టాను, కుదించే ‘సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం’ అన్న రెండింటితో (సుడో అంటే నిర్వాహకుడి అధికారంతో నడపడం) కొంత చోటు దొరుకుతుంది. ఖాళీ ఉందని తేలిన తరువాత ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ నడిపి, అది ముగిశాక ‘సుడో ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ నడుపు. నీ విషయంలో అప్‌డేట్ మధ్యలో తెగింది కనుక చిక్కు ఇక్కడే విడిపోతుందని నా అంచనా. ఒకేసారి ఇద్దరు ప్యాకేజీలను మార్చకుండా పెట్టే లాక్ వేరొక ప్రోగ్రాం చేతిలో ఉందని తెర మీద వస్తే, వెనుక తనంతట తాను నడిచే అప్‌డేట్ ఏదైనా ఉందేమో చూసి అది ముగిసేదాకా ఆగాలి గాని, లాక్ ఫైలును చెరిపివేయమని చెప్పేవారి మాట వినకూడదు.

ఇంతటితో తెర రాకపోతే తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించాలి. ఆ యంత్రంలో ఎన్‌విడియా కార్డు ఉంటే మరీను. కొత్త కెర్నల్ ఎక్కింది, దానికి తగిన డ్రైవర్ మాడ్యూల్, అంటే కెర్నల్‌లో చేరే ముక్క, తయారు కాకముందే కరెంటు పోయింది అనుకో, తెర నల్లగానే ఉంటుంది. గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌ను ఎంచుకుని చూడు. దానితో డెస్క్‌టాప్ వచ్చిందంటే సగం రోగం తెలిసినట్టే. ఏ కెర్నల్‌కు మాడ్యూల్ తయారైందో చెప్పే ‘డీకేఎంఎస్ స్టేటస్’ చూసి, కొత్త కెర్నల్‌కు మాడ్యూల్ లేకపోతే ‘సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్’ నడపవచ్చు. పాత కెర్నల్ కూడా మొరాయిస్తే గ్రబ్ వరుస మీద ‘ఈ’ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర ‘నోమోడ్‌సెట్’ చేర్చి, కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కు. బొమ్మ మోటుగా ఉన్నా పని జరుగుతుంది, ఆ మార్పు ఆ ఒక్కసారికే. నమ్మదగిన సంతకం లేనిదాన్ని అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి, ఆ సంతకం నమోదు కోసం రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెరను ఎవరైనా చూడకుండా దాటవేస్తే, సంతకం నమోదు కాని మాడ్యూల్‌ను కెర్నల్ లోనికి రానివ్వదని కూడా గుర్తుంచుకో.

లాగ్‌లను చదవడానికి బద్ధకించవద్దు. ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ జీడీఎం’ అన్నది లాగిన్ తెర సేవ నడుస్తోందో, పడిపోయిందో చెబుతుంది. ‘జర్నల్‌సీటీఎల్ -బీ -పీ ఎర్’ ఈసారి లేచినప్పటి తప్పులను మాత్రమే చూపుతుంది. ఎర్రగా కనిపించిన ప్రతి వరుసా నేరస్థురాలు కాదు, ఏ లోపమూ లేని కంప్యూటర్‌లో కూడా ఏసీపీఐ, అంటే కరెంటు వాడకం చూసే భాగం, ఫిర్యాదులు కొన్ని ఉంటాయి. తెర మీద బొమ్మ గీసే పాత పద్ధతి అయిన ఎక్స్ సర్వర్ లాగ్‌లో బ్రాకెట్లలో రెండు ‘ఈ’లు ఉన్న వరుసలలో మొదటిదాని మీద దృష్టి పెట్టు, తరువాతివి చాలావరకు దాని పర్యవసానాలే. కొత్త పద్ధతి అయిన వేలాండ్ మీద నడిచే డెస్క్‌టాప్‌కు ఆ ఫైలు ఉండదు, జర్నల్‌సీటీఎల్ చూపే జర్నల్ ఒక్కటే దిక్కు.

తెర మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని వచ్చి ఆగినా, ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు వరుసగా కనిపించినా, సంగతి వేరు, డిస్కే చెడి ఉండవచ్చు. అప్పుడు డిస్క్ మీది ఫైళ్ల అమరికను మరమ్మతు చేసే ఎఫ్‌ఎస్‌సీకే నడిపే ముందు, ఉబుంటును తనలోనుంచే నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి, హోమ్ ఫోల్డర్‌ను వేరే డిస్క్‌కు నకలు తీసుకో. చెడుతున్న డిస్క్ మీద మరమ్మతు మొదలుపెడితే ఉన్నది కూడా పోవచ్చు. మీ చెరువుల వైపు ఉప్పు గాలికి, తేమకు ర్యామ్ కాంటాక్టులు, మానిటర్ కేబుల్ పిన్నులు తుప్పు పట్టడం మామూలే కనుక, ప్లగ్ తీసివేసి వాటిని ఒకసారి ఊడదీసి తుడిచి బిగించడం కూడా మరువకు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రమైతే కేబుల్ ఆ కార్డుకే తగిలించి ఉందో లేదో చూడు.

డీపీకేజీ ముగిశాక వచ్చిన వరుసలను, మొదటి నుంచి చివరి వరకు, ఫొటో తీసి పంపు. నీ మాటల్లో సారాంశం వద్దు. కరెంటు నిలకడగా లేని రోజున యూపీఎస్ లేకుండా మళ్లీ అప్‌డేట్ మొదలుపెట్టకు.

ఇట్లు,
మీ మామయ్య