ఎలుకల మీద రీసెర్చ్ చేస్తానంటున్న అమ్మాయి, భయపడుతున్న అమ్మ

బాపట్ల నుంచి ఒకమ్మ రాశారు. వాళ్ల అమ్మాయి బీఫార్మసీ అయిపోయింది, ఎంఫార్మసీకి రాసే జీప్యాట్ పరీక్ష రాసింది, ఫార్మకాలజీలో, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చూసే సబ్జెక్టులో ఎంఫార్మసీ చేసి ఎముకలు గుల్లబారడానికి నల్లేరు పనిచేస్తుందేమో ఎలుకల్లో చూస్తానంటోంది, ఈవిడేమో మందుల సైడ్ ఎఫెక్టులు కనిపెట్టి నమోదు చేసే పని నేర్పే మూడు నెలల ఫార్మకోవిజిలెన్స్ కోర్సులో చేర్పిద్దామంటున్నారు, రెండింట్లో ఏది మేలు అని.

అమ్మా, జీతం గురించి మీరు రాసింది ఒక్క లైను, "ఎలుకల్ని కోసే పిల్లని ఎవరు చేసుకుంటారు" అని మాత్రం మూడుసార్లు రాశారు. అసలు భయం అదే కదా. ఆ మాట పిల్ల ముందు ఇంకోసారి అనకండి. బాత్రూంలో జారి తుంటి విరిగి రెండేళ్లు మంచంలో ఉన్న మీ అత్తగారికి సేవ చేసింది ఆ పిల్లే అని మీరే రాశారు, ఈ టాపిక్ ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తట్టలేదా?

అక్కడ జరిగేది కసాయి పని కాదు. ఆడ ఎలుకకి మత్తిచ్చి అండాశయాలు తీసి కుట్లేస్తారు, ఈస్ట్రోజెన్ పడిపోయి ఎముక పలచబడుతుంది, ముట్లుడిగాక మనకి జరిగేది కూడా అదే. ఇంకో గ్రూపుకి కోత కోసి అండాశయాలు ముట్టకుండా కుట్టేస్తారు, తేడా తెలియాలిగా. ఆ తర్వాత కొన్ని వారాల పాటు రోజూ నోట్లోంచి గొట్టంతో మందు, వారం వారం బరువు, చివర్లో తొడ ఎముక తీసి లోపలి అల్లిక చూడ్డానికి మైక్రో సీటీ స్కాన్. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకుండా ఒక్క ఎలుకని కూడా ముట్టడానికి లేదు.

నా అనుమానం వేరే ఉంది, అది అమ్మాయికి చెప్పాలి. ఇప్పుడు హెర్బల్ అంటే అందరికీ మోజు. ఏదో ఆకు తెచ్చి ఆల్కహాల్‌లో ఎక్స్‌ట్రాక్ట్ తీసి కిలో బరువుకి 200, 400 మిల్లీగ్రాముల డోసులిచ్చి "బాగా పనిచేసింది" అని పేపర్ వేసి వదిలేసే థీసిస్‌లు నేను చాలా చూశాను, ఆకులో ఏ పదార్థం పనిచేసిందో ఎవరూ తేల్చరు, మనిషి దాకా రానే రాదు. నల్లేరు మీద ఇదే రకం ఎలుకల స్టడీ 2003లోనే వచ్చింది, మళ్లీ అదే చేస్తే ఏం లాభం తల్లీ? పైగా ఎముకల మందుకి ఎలుక ఒక్కటే చాలదు, ఇంకో పెద్ద జంతువులో కూడా చూపించాలని మందులకి అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 1994లోనే అంది. 2022 చివర్లో అయితే కొత్త మందుకి జంతువుల మీద పరీక్ష తప్పనిసరి అన్న రూలునే అక్కడి చట్టంలోంచి తీసేశారు. అందుకే ఎలుకల పనితో పాటు ల్యాబ్‌లో కణాల్ని పెంచి పరీక్షించే సెల్ కల్చర్ కూడా చేతికి రావాలి.

ఇక మీరడిగిన పోలిక. ఫార్మకోవిజిలెన్స్‌లో తొందరగా ఉద్యోగం రావచ్చు, ఎంఫార్మసీ అయ్యాక కూడా ఆ దారి మూసుకుపోదు. ఎంఫార్మసీలో జీప్యాట్ స్కాలర్‌షిప్ నెలకి 12,400, ఆ తర్వాత పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే 37,000, అంటే మీ మీద భారం అంతగా పడదు. రెండేళ్లు ఆగితే కొంపలేం మునగవు.

చేరే ముందు అమ్మాయిని గైడ్ దగ్గరికెళ్లి మూడు అడగమనండి: కాలేజీలో రిజిస్టర్ అయిన యానిమల్ హౌస్ ఉందా, మైక్రో సీటీ ఎక్కడ చేయిస్తారు, పోయినేడు స్టూడెంట్లు ఏం చేశారు. సరిగ్గా చెప్పకపోతే కాలేజీ మార్చండి, సబ్జెక్టు కాదు.

ఇంకోటి, మీకు యాభై దాటాయి, నడుం నొప్పి అని కూడా రాశారు. డాక్టర్‌ని అడిగి ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించుకోండి, వెళ్లేటప్పుడు అమ్మాయిని తోడు తీసుకెళ్లండి.