సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి ఓడలో వెళ్తుంటే రోజూ గడియారం మారుస్తారట, పెద్దవాళ్లకి నిద్ర, మందులు ఎలా?

ఈ వేసవిలో అమ్మానాన్నలని తీసుకుని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి ఓడలో వెళ్తున్నామని, టైమ్ రోజూ మారితే వాళ్ల నిద్ర, బీపీ షుగర్ మాత్రలు ఏమవుతాయోనని అడిగారు కదా. వెళ్లేటప్పుడు టెన్షన్ పడాల్సిన పని లేదు. తిరిగి కూడా ఓడలోనే వస్తే మాత్రం కాస్త కష్టం తెలుస్తుంది. నేను రెండు వైపులా వెళ్లాను, న్యూయార్క్ వెళ్లేటప్పుడు మా అమ్మానాన్నలు కూడా ఉన్నారు, కాబట్టి అక్కడ చూసిందే రాస్తున్నాను.

లండన్‌కి, న్యూయార్క్‌కి తేడా 5 గంటలు. ప్రయాణం 7 రాత్రులు. అందులో 5 రాత్రులు, తెల్లవారుజామున 2 గంటలకి ఓడ గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుతారు, అంటే ఆ రోజులకి 25 గంటలు. ఏ రాత్రి తిప్పుతారో గదికి వచ్చే రోజువారీ కార్యక్రమాల కాగితంలో ఉంటుంది, పడుకునే ముందు అది ఒకసారి చూస్తే చాలు. మన ఒంట్లో ఉండే గడియారం చాలామందికి 24 గంటల కన్నా కొద్దిగా ఎక్కువే నడుస్తుంది, అందుకే రోజు పొడుగైతే శరీరం సర్దుకుంటుంది, పొట్టిదైతే మొరాయిస్తుంది. విమానంలో ఆ 5 గంటలూ ఒక్కసారే నెత్తిన పడతాయి, ఓడలో దిగేసరికి న్యూయార్క్ టైమ్ అలవాటైపోయి ఉంటుంది.

అయితే పెద్దవాళ్లతో ఒక చిక్కుంది, అది నిద్ర పట్టకపోవడం కాదు, మరీ పొద్దున్నే మెలకువ రావడం. మా నాన్న ఇంట్లో ఐదింటికి లేచే మనిషి. ఓడలో మొదట నాలుగింటికి, తర్వాత మూడింటికి లేచి కూర్చుని, కాఫీ ఎక్కడ దొరుకుతుందని డెక్కుల మీద తిరిగేవారు. దానికి కారణం ఏంటంటే గంట కలిసొచ్చింది కదా అని ఆ రాత్రి పెందలాడే పడుకునేవారు! ఆ గంటని సాయంత్రం మెలకువగా గడపాలి. భోజనం అయ్యాక గదిలోకి వెళ్లనివ్వకుండా పై డెక్ మీద వెలుతురున్నంతసేపు నడిపించండి, వేసవిలో అక్కడ చాలాసేపు వెలుతురు ఉంటుంది, చలి మాత్రం బాగానే వేస్తుంది కాబట్టి స్వెటర్ కావాలి. సాయంత్రం పూట వెలుతురు పడితే నిద్ర, మెలకువ రెండూ ఆలస్యమవుతాయి. నాన్న చేత రెండు రోజులు ఇలా చేయించాక మళ్లీ ఐదింటికి లేవడం మొదలుపెట్టారు.

మా అమ్మ సమస్య వేరు, శనివారం ఒక్కపొద్దు. సరిగ్గా ఆ రోజు రాత్రే గడియారం తిప్పారు, ఉపవాసం ఉన్న రోజే ఇంకో గంట కలిసిందని ఒకటే గొణుగుడు. పైగా రాహుకాలం ఏ టైమ్ ప్రకారం చూడాలని అడిగింది. అది అక్కడి సూర్యోదయాన్ని, సూర్యాస్తమయాన్ని బట్టి లెక్కేసేది కాబట్టి క్యాలెండర్‌లో వేసిన తొమ్మిది నుంచి పదిన్నర నడిసముద్రంలో పనికిరాదని చెప్తే, అయితే అసలు చూడక్కర్లేదులే అని తేల్చేసింది.

మందుల విషయం. రోజుకి ఒకటి వేసుకునే బీపీ మాత్ర ఓడ టైమ్ ప్రకారం ఎప్పట్లా పొద్దునే వేసుకోమని, గంట అటూ ఇటూ అయితే ఏం కాదని మా డాక్టర్ చెప్పారు, మేం అలాగే చేశాం. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి కదా, అది లేవగానే వేసేశాం. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల సంగతి అలా కాదు. భోజనం టైమ్ కూడా జరుగుతుంది కాబట్టి ఏ రోజు ఏ టైమ్‌కి ఎంత అనేది బయల్దేరకముందే మీ డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి, ఇక్కడ ఎవరో చెప్పింది పాటించకండి. ఇంకొకటి, కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్రల్లో చాలావాటికి మత్తు ఉంటుంది. అది పొద్దున వేసుకుని పగలంతా పడుకుని, టైమ్ మారడం వల్ల నిద్ర చెడిందని అనుకునేవాళ్లని అక్కడ చూశాను.

తిరుగు ప్రయాణంలో రోజుకి 23 గంటలే. నేను వచ్చిన ఓడలో రాత్రి కాకుండా మధ్యాహ్నం 12 అవగానే ఒంటిగంట చేసేవారు, నిద్ర తగ్గకూడదని. నిద్ర తగ్గదు గానీ టిఫిన్ అరక్కముందే భోజనానికి పిలుస్తారు. రాత్రి పడుకునే టైమ్‌కి నిద్ర రాదు, పొద్దున లేవబుద్ధి కాదు. అప్పుడు పైన చెప్పిందానికి తలకిందులుగా చేయాలి, లేవగానే బయటికెళ్లి వెలుతురులో కూర్చోవాలి, భోజనం తర్వాత కాఫీ టీలు మానేయాలి. కిటికీ లేని లోపలి గది తీసుకుంటే అందులో పగలో రాత్రో తెలియదు, చీకట్లో పదింటి దాకా పడుకుండిపోతారు. చాలా ఓడల్లో టీవీలో ముందువైపు కెమెరా చూపించే ఛానల్ ఒకటి ఉంటుంది, సౌండ్ తీసేసి రాత్రంతా అదే పెట్టి ఉంచితే తెల్లారగానే గదిలోకి వెలుగొస్తుంది. డబ్బులు సరిపోతే కిటికీ ఉన్న గదే తీసుకోండి, వచ్చేటప్పుడైతే మరీను.

ఫోన్‌ని నమ్మకండి. సముద్రంలో ఓడ నెట్‌వర్క్ పట్టుకుంటే బిల్లు వాచిపోతుంది కాబట్టి ఎలాగూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై వాడతారు, అప్పుడది ఏ టైమ్ చూపిస్తుందో దాని ఇష్టం. ఆటోమేటిక్ టైమ్ ఆపేసి చేత్తో మార్చుకోవచ్చు గానీ, అమ్మానాన్నలకి మామూలు చేతి గడియారం పెట్టి రాత్రి పడుకునే ముందు ముల్లు తిప్పమంటే చాలు. ఇండియాకి ఫోన్ చేయడానికి ఓడలో ఉదయం 9 మంచి టైమ్, బయల్దేరినప్పుడు అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, న్యూయార్క్ చేరేసరికి సాయంత్రం ఆరున్నర. రాత్రి భోజనాలయ్యాక చేద్దామంటే ఊళ్లో అందరూ నిద్రలో ఉంటారు.

టెక్సస్, ఫ్లోరిడా నుంచి కరీబియన్ వైపు వెళ్లే మనవాళ్లు కూడా ఇది చదువుతుంటే ఒక మాట. ఆ ఓడలు ఆగే కోజుమెల్ దీవి ఉన్న మెక్సికో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే టైమ్‌లో ఉంటోంది. చలికాలంలో మయామీతో సమానం, ఎండాకాలంలో మయామీ కంటే గంట వెనక. ఓడ మయామీ టైమ్‌లోనే ఉండిపోతే, ఎండాకాలంలో ఒడ్డున మీ ఫోన్ మూడు చూపిస్తున్నప్పుడు ఓడలో నాలుగవుతుంది, తిరిగి ఎక్కాల్సిన టైమ్ చెప్పేది ఓడ గడియారం ప్రకారమే. టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి చలికాలంలో వెళ్తే దీనికి తిరగబడుతుంది, ఒడ్డున టైమే ఓడ కంటే గంట ముందుంటుంది కాబట్టి గంట ముందే వచ్చి కూర్చుంటారు, నష్టం లేదు. కొన్ని ఓడలు అక్కడి టైమ్‌కి మారతాయి, కొన్ని మారవు, దిగే ముందు మెట్ల దగ్గర నిలబడ్డ సిబ్బందిని ఇప్పుడు ఓడలో టైమ్ ఎంత అని అడిగి గడియారం సరిచేసుకుని దిగండి.