నిష్పాక్షిక జర్నలిజం కోసం లండన్ వెళ్లాలా?

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న తమ అమ్మాయి జర్నలిజం చదువుతానంటున్నదని మహబూబ్‌నగర్ నుంచి ఒక తండ్రి రాశారు. ఇక్కడి మీడియా అంతా పార్టీలదే గనుక, భూమి అమ్మి లండన్ పంపితే పక్షపాతం లేని జర్నలిజం నేర్చుకుంటుందా అన్నది ఆయన ప్రశ్న. ఇంట్లో తాము చూసేది ఒకే చానెల్ అని కూడా రాశారు.

అయ్యా, బిడ్డ చేత ఎవరైనా అబద్ధం రాయిస్తారేమోనన్న మీ భయం న్యాయమైనదే, కానీ దేశం మారితే అది తీరదు. బ్రిటన్‌లో టీవీ, రేడియో వార్తలు నిష్పాక్షికంగా ఉండాలన్న ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిబంధన పత్రికలకు వర్తించదు గనుక, గార్డియన్ వామపక్షం వైపు, డైలీ టెలిగ్రాఫ్ కన్జర్వేటివ్‌ల వైపు బాహాటంగానే మొగ్గుతాయి. అమెరికాలో వివాదాస్పద విషయాలపై భిన్నాభిప్రాయాలు వినిపించాలని ప్రసార సంస్థలకు 1949లో పెట్టిన నియమాన్ని 1987లో ఎత్తివేశారు. చైనాలో పీపుల్స్ డైలీ పాలక పార్టీ అధికార పత్రికే. ఎక్కడైనా భావజాలం పనిచేసేది ఎక్కువగా అబద్ధాల ద్వారా కాదు. ఏ వార్తను ఎంచుకున్నారు, ఎవరి మాట ముందు పెట్టారు, ధర్నా చేసిన వారిని రైతులన్నారా, ఆందోళనకారులన్నారా అన్న చోటనే.

విదేశీ పీజీ మోజుపై నాకు గట్టి అనుమానాలున్నాయి. అక్కడి కోర్సులు అక్కడి మీడియా చట్టాలకూ, అక్కడి స్థానిక పాలనా వార్తలకూ పెద్దపీట వేస్తాయి. మన తహసీల్ కార్యాలయంలో పహాణీ చదవడం, సమాచార హక్కు దరఖాస్తు రాయడం అవి నేర్పవు. ఉస్మానియాలోనూ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ మంచి విభాగాలుండగా, అమ్మాయి అడగని విదేశీ చదువుకు భూమి బేరం పెట్టడం మీ తొందరపాటు. ఒకే చానెల్ చూసే ఇంట్లో నిష్పాక్షికత కరవైందని బాధపడటమూ తగదు.

మీ పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక స్థాపించి తెలుగు వారి పక్షానే నిలిచారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరని ఒకరు రాస్తే, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. పక్షం ఉండటం దోషం కాదనీ, ఆధారం లేకపోవడమే దోషమనీ మీ అమ్మాయి నేర్చుకోవాల్సింది ఈ పద్ధతి నుంచే.

ప్రవేశ పరీక్షల వరకు పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల వార్తను రోజూ మూడు పత్రికల్లో చదివి, ఏది ఏ వివరం వదిలిందో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టమనండి. ఆ పుస్తకాన్ని మీరూ చదవండి.