గడువు దాటినా భరణం పడుతూనే ఉంది

ప్రశ్న: మాకు హిందూ వివాహ చట్టం కింద పరస్పర అంగీకారంతో విడాకులయ్యాయి. పిల్లల్లేరు. డిక్రీ ప్రకారం ఆయన నాకు నెలకు 18 వేల చొప్పున 36 నెలలు భరణం ఇవ్వాలి. గడువు అయిపోయి ఐదు నెలలైంది. అయినా 5వ తారీఖు వచ్చేసరికి డబ్బు పడుతూనే ఉంది. బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఆపడం మర్చిపోయినట్టున్నారు. మొదటి ఏడాది ఉద్యోగం పోయిందని రెండు నెలలు ఎగ్గొట్టారు, అవి మళ్లీ ఇవ్వలేదు. ఇప్పుడొచ్చిన దాంట్లో రూట్ కెనాల్‌కీ, ఒక చిన్న అప్పుకీ 30 వేలు వాడేశాను. అన్నయ్య "మాట్లాడకుండా ఉంచేసుకో, వాడి ఖర్మ" అంటాడు. అమ్మ మొత్తం తిరిగిచ్చేయమంటుంది. ఆయనకు మెసేజ్ పెట్టాలంటేనే నాకు టెన్షన్. ఏం చేయను?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అన్నయ్య సంగతి ముందు తేల్చేద్దాం. పొరపాటున ముట్టిన డబ్బు తిరిగివ్వాల్సిందేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. పంపినాయన చూసుకోకపోవడం ఆయన తప్పే కావచ్చు, అంతమాత్రాన డబ్బు మీదైపోదు. దావా వేయడానికి మామూలుగా 3 ఏళ్ల గడువుంటుంది. పొరపాటు విషయంలో ఆ గడువు లెక్క అది బయటపడ్డ రోజు నుంచి, లేదా కాస్త జాగ్రత్తగా చూసుంటే బయటపడేదన్న రోజు నుంచి మొదలవుతుంది. మీరు ఊరుకుంటే ఈ భయం ఇంకా చాన్నాళ్లు మీ నెత్తిమీదే ఉంటుంది.

అలాగని అమ్మ మాట విని రేపే 90 వేలు పంపేయకండి. ముందు లెక్క చూసుకోండి.

డిక్రీ కాపీ, మొదటి నెల నుంచి బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని కూర్చోండి. ఒక తెల్ల కాగితం మీద మూడు గళ్లు గీయండి: ఏ నెల భరణం, ఏ తారీఖున పడింది, ఎంత పడింది. జ్ఞాపకం మీద రాయొద్దు. నా దగ్గరికొచ్చిన ఒకావిడ మూడు నెలలు ఎక్కువొచ్చాయని బెంగపడింది. ఇద్దరం పెన్సిలు పట్టుకుని చూస్తే అందులో ఒకటి జనవరి 31న పడ్డ ఫిబ్రవరి డబ్బు. అదే నెల 1న ఇంకోటి పడింది కాబట్టి జనవరిలో రెండుసార్లు వచ్చినట్టు కనిపించిందంతే. మరొకటి అంతకుముందు సగమే పంపిన నెలల తాలూకు బాకీ. చివరికి ఎక్కువ తేలింది ఒక్క నెలే.

మీ లెక్కా అలాగే ఉంది. రావాల్సినవి 36. గడువులోగా వచ్చినవి 34, తర్వాత 5, మొత్తం 39. అంటే ఎక్కువ వచ్చింది మూడు నెలలది, 54 వేలు. డబ్బిచ్చేవాడు ఇది ఫలానా బాకీకని చెప్పకపోతే, పరిస్థితులు కూడా వేరే సూచించకపోతే, తీసుకునేవాళ్లు తమకు న్యాయంగా రావాల్సిన ఏ బాకీకైనా జమ చేసుకోవచ్చని అదే కాంట్రాక్టు చట్టం 60వ సెక్షన్‌లో ఉంది. మీరు వాడుకున్న 30 వేలు ఆ పాత 36 వేల బకాయిలోకి పోతాయి. ఇక గిల్టీగా అనుకోవాల్సిన పనిలేదు. పోతే, ఆ రోజుల్లో జాలిపడి "ఆ రెండు నెలలూ వదిలేయండి" అని మెసేజేమైనా పెట్టారా? పెట్టుంటే బకాయి వాదన నిలవడం కష్టం. ఫోన్‌లో ఒకసారి వెతకండి. పెట్టకపోతే ఆ బకాయి మాసిపోయిందని ఆయన తరఫువాళ్లు అన్నా కంగారు పడకండి. నెలనెలా ఇవ్వాల్సిన డిక్రీ బాకీని ఎగ్గొట్టిన రోజు నుంచి 12 ఏళ్లలోపు అమలు చేయించుకోవచ్చు.

మెసేజ్ వద్దు, ఈమెయిలో స్పీడ్ పోస్టో చాలు. ఫోన్ అసలే వద్దు. ఫోనెత్తితే భరణం పక్కకుపోయి పాత పెళ్లి మొదలవుతుంది. ఇంత రాస్తే సరిపోతుంది:

"డిక్రీ ప్రకారం 36 వాయిదాలకు గాను 39 అందాయి. గడువు తర్వాత వచ్చిన ఐదింటిలో మొదటి రెండూ మొదటి ఏడాది బకాయికి జమ చేసుకున్నాను. మిగిలిన 54 వేలు, డబ్బు వచ్చిన ఖాతాకే తిరిగి పంపుతాను. స్టేట్‌మెంటు జత చేశాను. అభ్యంతరం ఉంటే 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఆపించండి."

"క్షమించండి" అని మొదలుపెట్టకండి. తప్పు మీది కాదు. మీరే రాయలేకపోతే మీ వకీలు చేత ఈ నాలుగు ముక్కలే రాయించండి.

ఈలోగా ఆ 54 వేలు వేరే ఖాతాలోకి మార్చి ముట్టుకోకండి. బకాయి మీద ఆయన ఒప్పుకోకపోతే గొడవ ఆ 36 వేలకే పరిమితం, మిగతాది మాత్రం పంపేయండి.

ఇది చదివే మాజీ భర్తలకూ ఒక మాట. ఈమె విషయంలో డిక్రీ గడువే తీరింది. మీ ఆర్డరు ఇంకా నడుస్తుంటే మాత్రం "ఎక్కువ ఇచ్చాను" అని వచ్చే నెల మీరే కోసేయకండి, అది బకాయి కింద పడుతుంది. ఆదాయం తగ్గినా, ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నా, ఆర్డరును మార్పించుకోవాల్సింది కోర్టులోనే: హిందూ వివాహ చట్టం కింద వచ్చినదైతే 25వ సెక్షన్, పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125వ సెక్షన్ కింద వచ్చినదైతే ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 146. రెండు కేసుల్లో రెండు ఆర్డర్లుంటే ఒకదాంట్లో ఇచ్చింది రెండోదాంట్లో సర్దుబాటు చేయాలని 2020లో రజనేష్–నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు వచ్చిన ఆర్డరు సంగతి రెండో కోర్టుకు చెప్పాల్సిన పూచీ మాత్రం భరణం కోరేవాళ్లదే.

మళ్లీ మీ దగ్గరికే వస్తాను. డబ్బు పంపేటప్పుడు "ఫలానా ఖాతాకు వేయి", "మా తమ్ముడి చేతికివ్వు" అని ఆయన నుంచి కబురొస్తే ఒప్పుకోకండి. వచ్చిన ఖాతాకే, బ్యాంకు ద్వారానే పంపండి. వివరాల గడిలో "అదనపు భరణం వాపసు, 3 నెలలు" అని రాసి, రసీదు ప్రింటు తీసి డిక్రీ కాపీతో కలిపి పిన్ను కొట్టేయండి.