పజిల్ ఇస్తే కుదురుగా కూర్చుంటాడా?

ప్రశ్న: మా బాబుకు అయిదేళ్లు దాటాయి, యూకేజీ. పలక పట్టిన రెండు నిమిషాలకే లేచి ఉరుకుతాడు. 'కాన్సన్‌ట్రేషన్ లేదు' అని టీచర్ డైరీలో రాసినప్పటి నుంచి నాకు టెన్షన్. వంద ముక్కల పజిల్ కొంటే ముట్టనే లేదు. ఫోన్‌లో పజిల్ గేమ్ అయితే గంటసేపు కదలడు. అదే ఆడించమంటారా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: ముందు ఆ వంద ముక్కల డబ్బా అటకెక్కించండమ్మా. ఈ వయసుకు 20, 24 పెద్ద ముక్కలది చాలు, కాస్త తంటాలు పడితే అయిపోతుందని వాడికి అనిపించాలి కదా.

ఫోన్ మాత్రం వద్దు. గంటసేపు వాణ్ణి పట్టి ఉంచుతున్నది ఆ గేమే, వేలు తగిలితే చాలు చప్పుడు, నక్షత్రాలు. అట్టముక్క పట్టకపోతే పట్టదు, తిప్పి తిప్పి చూడాల్సిందే, మీకు కావలసింది ఆ తిప్పి చూడటమే. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, మీవాడు ఆ వయసు దాటింది మొన్ననే.

కొనాల్సిన పని కూడా లేదు. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే మ్యాపులు చెక్కే ఆయన, పిల్లలకు భూగోళం నేర్పడానికి మ్యాపును చెక్కకు అతికించి దేశాల హద్దుల వెంట కోశాడు, ఈ ఆట అట్లా పుట్టిందే. నేనూ రెండో తరగతి చదివే మా మనవరాలికి తెలంగాణ మ్యాపును బూట్ల డబ్బా అట్టకు అతికించి జిల్లాలుగా కత్తిరించి ఇచ్చాను. అది పాత మ్యాపు, 31 జిల్లాలే. అన్నీ పేర్చి "మన నారాయణపేట ఏది నానమ్మా?" అంది. అది విడిపోయింది 2019లో కదా, మహబూబ్‌నగర్ ముక్క మీద పెన్సిలుతో గీత గీసి మళ్లీ కోశాం, ఆ చిన్న ముక్క కోసం ఇంకో అరగంట కూర్చుంది. మీవాడికి ఇన్ని జిల్లాలెందుకు, క్యాలెండర్ మీది ఎద్దు బొమ్మను ఎనిమిది ముక్కలు చేసినా సరే.

మీరు పక్కన కూర్చోండి, చేతులు మాత్రం ఒళ్లోనే పెట్టుకోండి. "అది అక్కడ కాదురా" అని మనం లాక్కున్నామా, వాడు లేచిపోతాడు. ఇంట్లో నానమ్మ ఉంటే చింతగింజలు అరగదీసి అష్టాచెమ్మా నేర్పమనండి, తన వంతు వచ్చేదాకా ఆగడం కూడా శ్రద్ధే.

అయితే పజిల్ బాగా పెట్టినంత మాత్రాన పలక ముందూ అట్లే కూర్చుంటాడని నేను హామీ ఇవ్వలేను. అయిదేళ్లవాడు పది నిమిషాలు కూర్చుంటే గొప్పే. ఇంట్లో, బడిలో రెండు చోట్లా నెలల తరబడి ఇదే తీరైతే, పిలిచినా పలకకపోతే, చెవులు, కళ్లు ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి.