చికిత్స లేని గ్రూపులో మీ తమ్ముణ్ణి పెట్టకండి

పదిహేనేళ్ల తమ్ముడికి కెరటోకోనస్ (కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా పలచబడి ముందుకు ఉబ్బే జబ్బు) అని తేలిందనీ, క్రాస్‌లింకింగ్ (చుక్కల మందు, కాంతి కలిపి కార్నియాను గట్టిపరిచే చికిత్స) ట్రయల్‌లో చేర్చమంటున్నారనీ, అందులో సగం మందికి అద్దాలు తప్ప ఏ చికిత్సా ఇవ్వరనీ రాశారు. రెండు కళ్లకూ క్రాస్‌లింకింగ్ చేయించుకున్నదాన్ని కాబట్టి సూటిగా చెబుతున్నాను. జబ్బు పెరుగుతున్నట్టు స్కాన్‌లలో ఇప్పటికే కనిపిస్తుంటే చేర్చకండి.

ఈ చికిత్స పని చేస్తుందా లేదా అన్నది ఎప్పుడో తేలిపోయింది. బ్రిటన్‌లో 10 నుంచి 16 ఏళ్ల పిల్లలు 60 మందితో కెరాలింక్ అనే ట్రయల్ చేశారు. 18 నెలలు గడిచేసరికి క్రాస్‌లింకింగ్ చేసినవాళ్లలో 7 శాతం మందికి జబ్బు ముదిరింది. అద్దాలు, లెన్సులతో సరిపెట్టినవాళ్లలో 43 శాతం మందికి. ఆ వయసులో కార్నియా త్వరగా ఉబ్బుతుంది, పోయిన ఆకారం మామూలుగా తిరిగి రాదు. ఇంకా ఎవరి కన్నునో ఊరికే వదిలేసి చూడటం ఎందుకు?

తేలాల్సినవి వేరే ఉన్నాయి. కార్నియా పైపొర తీయకుండా చేస్తే అంతే ఫలితం వస్తుందా? 3 మిల్లీవాట్ల కాంతి 30 నిమిషాలు పెట్టే బదులు 9 మిల్లీవాట్లు 10 నిమిషాలు పెడితే సరిపోతుందా? అలాంటి ట్రయల్‌లో రెండు గ్రూపులకీ చికిత్స అందుతుంది. అందులో అయితే నిశ్చింతగా చేర్చండి.

ట్రయల్‌లో నొప్పిని కూడా సరిగ్గా కొలవాలి. నా కాగితాల్లో "కొంత అసౌకర్యం" అని రాశారు. టేబుల్ మీద నిజంగా ఏమీ తెలియలేదు. రెప్ప మూసుకోకుండా క్లిప్ పెట్టారు, పైపొర గీకేశారు, పసుపు రంగు రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) చుక్కలు వేస్తూ నీలం కాంతిని చూడమన్నారు. మత్తు దిగాక మొదలైంది అసలు సంగతి. కంట్లో కారం కొట్టినట్టు మంట. కన్ను తెరిస్తే వెలుతురు గుచ్చుకునేది, మూస్తే బ్యాండేజ్ లెన్స్ (గీకిన చోటు మానేదాకా పెట్టే మెత్తటి లెన్స్) ఒరుసుకునేది. లైటు తీసేసిన గదిలో, ముక్కు కూడా కారుతూ, తెల్లారేదాకా కూర్చున్నాను. చుక్కలు వేయడానికి అమ్మ పక్కనే మేలుకుని ఉంది. ఆ తర్వాత కొన్ని వారాలు చూపు ఇంకా మసకబారింది. ఇది మామూలేనని ముందే చెప్పి ఉంటే మా ఇంట్లో అంత టెన్షన్ ఉండేది కాదు. కార్నియా వంపును దశాంశాలతో సహా రాసుకునేవాళ్లు పేషెంట్‌కి ఆ రాత్రి ఎలా గడిచిందో అడగాలి కదా!

ఇంకొకటి. లెన్స్ వాడే పిల్లాడైతే స్కాన్‌కి కొన్నాళ్ల ముందే అది మాన్పించాలి. గట్టి లెన్స్ కార్నియాను తన ఆకారంలోకి నొక్కేస్తుంది, అప్పుడు తీసిన టోపోగ్రఫీని (కార్నియా వంపును చూపే స్కాన్‌ని) నమ్మలేం. ఈ ముక్క చెప్పకుండానే చాలాచోట్ల మెషీన్ ముందు కూర్చోబెట్టేస్తారు.

సంతకం పెట్టేముందు రెండు విషయాలు అడగండి. మధ్యలో జబ్బు పెరిగితే ఏ గ్రూపులో ఉన్నా వెంటనే చికిత్స చేస్తారా, ఆ మాట కాగితం మీద ఉందా? కార్నియా మందం ఎంత ఉంది? మామూలు పద్ధతికి 400 మైక్రాన్లు (0.4 మిల్లీమీటరు) ఉండాలంటారు, ఆలస్యమైతే అది ఇంకా పలచబడుతుంది. ఈలోగా తమ్ముణ్ణి కళ్లు నలుపుకోనివ్వకండి. దురద ఉంటే అలర్జీకి చుక్కలు రాయించుకోండి.