రంగప్రవేశం ఫొటోలు: మారే లైట్ల కింద ఎలా తీయాలి?

మీ మేనకోడలి కూచిపూడి రంగప్రవేశం (వేదిక మీద తొలి పూర్తి ప్రదర్శన) రవీంద్రభారతిలో ఉందనీ, పోయినసారి ఒక ప్రదర్శన తీసినప్పుడు ఎర్ర లైటు పడగానే ముఖమంతా ముద్దలా వచ్చిందనీ, నీలం లైటులో ఫోకసే దొరకలేదనీ రాశారు. కొన్నేళ్ళుగా కూచిపూడి, పేరిణి (తెలంగాణ వీరనాట్యం) ప్రదర్శనలు తీస్తున్నాను. నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను.

ముందు సెట్టింగ్స్. మాన్యువల్ మోడ్, రా ఫార్మాట్ (తర్వాత సరిచేసుకోవడానికి వీలుండే ఫైలు), ఎఫ్ 2.8 లేదా అంతకంటే పెద్ద అపెర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) ఇచ్చే లెన్సు. 85 ఎంఎం ఎఫ్ 1.8 అయితే ఖర్చు తక్కువ, పనితనం బాగుంటుంది. షట్టర్ వేగం అభినయానికి (ముఖంతో, చేతులతో భావం చూపే భాగానికి) 1/160 సెకను చాలు, జతులకు (లయకు తగ్గ వేగమైన అడుగులకు) 1/320, పేరిణి లాంటి గెంతులకు 1/500. ఐఎస్ఓ (వెలుగును కెమెరా పట్టే సున్నితత్వం) 6400 దాకా పెంచడానికి వెనకాడకండి. దానివల్ల వచ్చే గ్రెయిన్‌ని (గరుకు చుక్కల్ని) తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిపోయిన ముద్రను (చేతి భంగిమను) ఎవరూ బాగుచేయలేరు. ఫ్లాష్ మాత్రం వద్దే వద్దు. పిల్ల కళ్ళలో పడుతుంది, లైటింగ్ అందమంతా పోతుంది.

ఇక ఎర్ర ముద్ద సంగతి. ఎల్ఈడీ ఎరుపులో ఆకుపచ్చ, నీలం దాదాపు ఉండవు. సెన్సర్‌లో ఎరుపు ఒక్కటే నిండిపోతుంది, ముఖంలో వివరాలు పోతాయి. కెమెరాలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్, అంటే మామూలు హిస్టోగ్రాం చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకే మూడు రంగుల హిస్టోగ్రాం పెట్టుకోవాలి. ఎరుపు గీత కుడి అంచుకు తగిలితే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించండి, అంటే వెలుగును సగం చేయండి. అయినా ఆ వెలుగులో చేతి పారాణి చర్మం రంగులో కలిసిపోతుంది, ముద్ర స్పష్టంగా రాదు. ఎర్ర లైటులో నేను చేతుల క్లోజప్‌లు తీయను, మొత్తం ఆకృతి కనబడేలా దూరంగా తీస్తాను. రంగు మరీ విపరీతంగా ఉన్న ఫొటోలను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చేస్తాను.

నీలం లైటులో ముఖం మీద కాంట్రాస్ట్ తగ్గడం వల్ల ఫోకస్ తడబడుతుంది. పాపిడిబిళ్ళ మీదో వడ్డాణం అంచు మీదో ఫోకస్ పెట్టండి, మెరుపు ఉన్నచోట త్వరగా దొరుకుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెలుపుగా కనిపించేలా రంగుల్ని సరిచేసే సెట్టింగ్‌ను) ఆటోలో వదలొద్దు. 4000 కెల్విన్ దగ్గర కట్టేసి, మిగతాది ఇంట్లో సరిచేసుకోండి. ఎల్ఈడీల కింద ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఫొటోలో అడ్డచారలు రావచ్చు. మెకానికల్ షట్టర్ పెట్టి, చప్పుడు వినిపిస్తుందనుకుంటే మృదంగం జోరుగా ఉన్నప్పుడు నొక్కండి.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. లైట్ల వెంట పరిగెత్తకండి, పాట వెంట వెళ్ళండి. మంచి లైటింగ్ మనిషి ఇష్టమొచ్చినట్టు రంగులు మార్చడు, పాటను బట్టి మారుస్తాడు. జతి నడుస్తున్నంతసేపూ రంగులు మారుతుంటాయి, ముక్తాయింపు (మూడుసార్లు తిరిగే ముగింపు) పూర్తయి సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడగానే నర్తకి భంగిమలో ఆగుతుంది. తరచుగా లైటు కూడా అక్కడే నిలబడుతుంది. ఆ క్షణం రెప్పపాటే ఉంటుంది కానీ, నట్టువాంగం (గురువు తాళాలు వేస్తూ జతులు చెప్పడం) వింటుంటే ముందే తెలిసిపోతుంది. ముక్తాయింపు మూడోసారి తిరుగుతోందని చెవికి తెలిస్తే వేలు సిద్ధంగా ఉంటుంది. అందుకే రిహార్సల్‌కు తప్పకుండా వెళ్ళండి, కెమెరా లేకపోయినా ఫర్వాలేదు. గురువుగారిని అడిగి ఐటెమ్‌ల వరస రాసుకోండి.

భామాకలాపం (సత్యభామ కథతో నడిచే కూచిపూడి నాట్యం) ఉంటే సత్యభామ ప్రవేశం వదలొద్దు. తెర వెనక నుంచి జడ ముందుకొస్తుంది, ముఖం ఇంకా కనబడదు. అక్కడ లైటు తక్కువగా పెడతారు, ఫోకస్‌ను జడ మీద ముందే పెట్టుకుని ఉండండి. నర్తకి ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి ఆడే తరంగంలో కష్టం ఇంకోలా ఉంటుంది. ఆ అంచు లైటుకు తళుక్కుమని ఎక్స్‌పోజర్‌ను తప్పుదారి పట్టిస్తుంది, ముఖాన్ని స్పాట్ మీటరింగ్‌తో (ఒక చిన్న చోటి వెలుగునే కొలిచే పద్ధతితో) కొలవండి. పైగా వేదిక ఎత్తుగా ఉంటే మొదటి వరసలోంచి పాదాలూ పళ్ళెమూ కనిపించవు. తరంగం మొదలయ్యే ముందే ఏడెనిమిది వరసలు వెనక్కి, లేదా బాల్కనీకి మారిపోండి.

లైటింగ్ ఆపరేటర్‌ను ముందే కలిసి, మంగళం పాడేటప్పుడు రంగులు తీసేసి మామూలు వెలుగు ఉంచమని అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, గురువుగారితో కలిసి తీసే ఫొటోలకు ఆ వెలుగే కావాలి.